అమ్మ పలికిన నోరు

వరంగల్ కొత్తవాడలో వెంకట్రాజం ఇంటి ముందుగది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని జంపఖానా నేసే వెడల్పు మగ్గం గదంతా ఆక్రమించుకుని ఉంది. దాని కుడిపక్క చోటు కొడుకు దేవదాస్‌ది; అతను పోయినప్పటి నుంచి ఖాళీయే. ఇంటాయన చాయ్ హోటల్‌కు పోయాడు. ఆయన తమ్ముడి కూతురు నవత దవాఖాన నుంచి వచ్చి ఇంకా నెల తిరగలేదు. కబురంపితే వచ్చింది గానీ, చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడింది. పెద్దమ్మ లక్ష్మీనర్సమ్మ చేతిలోని పసుపు గిన్నె చూడగానే చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఛీ, గది నా దిక్కు తేకు పెద్దమ్మా! అవుతల వెట్టు ముందుగాల."

"పసుపేనే. పసుపుకు గూడ బయపడ్తవా?"

"బయం గాదు, రోత. గా వాసనొస్తేనే కక్కొస్తాంది."

"అమ్మకు వెట్టే పసుపును రోత అంటవా? లెంపలేస్కో."

"ఏస్కోను. గదే పసుపు నా మొకం నిండ, మెడ నిండ, కాళ్ళ నిండ మెత్తిన్రు. చెమటకు కరిగి కండ్లల్ల వడ్డది. ఎవలన్న ఒక్కలు తుడిసిన్రా? పైకెళ్ళి ఇంకింత మెత్తిన్రు."

"మెల్లగ మాట్లాడే. పక్కింటి సోమక్క ఇంటది."

"ఇననియ్యి. ఇప్పుడు వస్తాంటే ఆకిట్ల నన్ను సూడంగనే మనుమరాలిని సంకలకెత్తుకొని లోపలికురికింది. తలుపు గూడ ఏసింది. ఆషాఢం బోనాలప్పుడు గదే సోమక్క, గదే పిల్లను తెచ్చి నా కాళ్ళ మీద పండవెట్టలే? నా కాళ్ళు కడిగిన నీళ్ళు ఆ పసిదాని నోట్లె వొయ్యలే? థూ!"

"అప్పుడంటే నీ మీద అమ్మ ఉండె."

"ఇప్పుడు?"

"ఇప్పుడు... ఇప్పుడంటే..."

"అనరాదు? ఇప్పుడు పిచ్చి ఉన్నది. అను పెద్దమ్మా, నాలుకేం పడిపోదు."

"నేనెందుకంట? నా నోట్లె మన్నువడ. బిడ్డా, నీ కోపం తర్వాత. ముందుగాల నా ముచ్చట ఇను. ఆయన చాయ్ తాగి వచ్చేదాక టైమున్నది. ఒక్కపాలి. ఒక్కటంటే ఒక్కపాలి."

"ఏందొక్కపాలి?"

"జుట్టు ఇరబోసుకో. మొకానికి ఇంత పసుపు రాసుకొని మగ్గం కాడ కూసో. 'బిడ్డా, గోలీలు ఏసుకో' అను. గంతే. మల్ల కడుక్కుందువు, నేనే నీళ్ళు కాగవెట్టిస్త."

"నాటకమాడుమంటవ్."

"నాటకమని ఎందుకనుకుంటవే?"

"మరేమంటరు? అమ్మ రాకపోయినా అమ్మ వచ్చినట్టు ఊగితే ఏమంటరు? నాకు రోగం వచ్చినప్పుడు అమ్మ అన్నరు. రోగం తగ్గినంక అమ్మ వచ్చినట్టు యాక్టింగ్ చెయ్యమంటరు. మీకు అసలు అసయ్యమనిపియ్యదా?"

"అసయ్యం సూసుకుంట కూసుంటే మనిషి పోతడే! మొన్న బీపీ సూసే నర్సు వచ్చింది. చెయ్యికి పట్టా కట్టి సూసింది. సూసి, మిషన్ ఖరాబైందేమోనని మల్ల కట్టింది. మిషన్ మంచిగనే ఉన్నదట. 'అవ్వా, గీయనను గిప్పుడే దవాఖానకు తీస్కపో' అని గోలీలు గూడ ఇచ్చింది. ఈయన పట్టా ఇప్పి ఆమె చేతుల వెట్టి, 'నాకు అమ్మ ఉన్నది' అన్నడు."

"అమ్మ ఉన్నదని..."

"నిన్న బువ్వ తినంగ తినంగ మూతి వంకర వోయింది నవతా. పప్పు గదుమ మీదికెళ్ళి కారింది, ఆయనకు ఎరుకనే లేదు. జర సేపటికి మంచిగైంది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతాందట. నేస్తాంటే పోగుల నడుమ ఇసిరే నాడె జారి కింద వడ్తాంది. నలభై ఏండ్ల సంది నాడె జారని చెయ్యది."

"గిది నిన్ననే ఎందుకు చెప్పలే? దవాఖానకు గుంజుకపోవాలె గదా!"

"ఎవలు గుంజుకపోవాలె? నీ మొగడు రమాకాంత్ వచ్చి బతిలాడిండు. మీ బాపు కాళ్ళు మొక్కిండు. 'గోలీలు పారెయ్యుమని అమ్మ చెప్పింది, ఏసుకొమ్మని అమ్మనే చెప్పాలె' అంటాండు. ఆ మాట నీ నోట్లకెళ్ళి వచ్చింది. నీ నోటితోనే తియ్యాలె బిడ్డా."

"నా నోరు... నా నోరు తలుసుకుంటేనే నాకు కంపరం వుడ్తాంది. అసలు మీరు నన్ను ఏం చేసిన్రో ఎరుకేనా? నాకు నిద్ర లేకుండె. పండుకుంట పండుకుంట అంటే 'జాగారం జేస్తాంది' అన్నరు. బువ్వ పోకపోతే 'ఉపాసమున్నది' అన్నరు. నోరు ఆగక ఒర్రుతాంటే 'అమ్మ పలుకుతాంది' అన్నరు. దవాఖానకు తీస్కపోవాల్సిన దాన్ని మెడల నిమ్మకాయల దండ ఏసి డప్పుల నడుమ నిలవెట్టిన్రు!"

"మాకేం ఎరుకనే? మొగిలమ్మ పోయినంక మన వాడల అమ్మ ఎవల మీదికి రాలే. బోనం లేసుడు, బోనం దిగుడు, చప్పగ అయితాండె. అందరం ఎదురు సూస్తాంటిమి. నువ్వు గట్ల కండ్లెర్ర జేసి మాట్లాడంగనే..."

"దొరికిందిరా పిల్ల అనుకున్నరు."

"గట్లనకే."

"గట్లనే అంట."

"అగో... అగో వస్తాండు. మూలమలుపు తిరిగిండు. రాసుకో బిడ్డా, నీ కాల్మొక్త, జర్రంత..."

"గిన్నె లోపలికి తీస్కపో. లేకుంటే నేనే మోరిల పోస్త. నేను మామూలుగ మాట్లాడుత, నవతనై మాట్లాడుత. ఇంటే ఇంటడు."

"ఇనడే..."

"నువ్వు లోపలికి పో పెద్దమ్మా!"

లక్ష్మీనర్సమ్మ పోయింది గానీ వంటింటి తలుపు చాటునే ఆగింది. వెంకట్రాజం వస్తూనే నవతకు చేతులు జోడించాడు.

"ఎవలు? నవతమ్మా? గడపల నిలవడ్డవేంది తల్లీ? లోపలికి రా."

"దండం వెట్టకు పెద్దబాపూ! చేతులు దించు."

"అలవాటైపోయిందమ్మా."

"ఏం అలవాటు? నన్ను సంకలేసుకొని చౌరస్త దాక తిప్పినోనివి. ముక్కు కారితే నీ దోతి కొసతోటి తుడిసినోనివి. నాకు దండం వెడ్తవా? సూస్తాంటే నా పెయ్యి జలదరిస్తాంది. నా కాళ్ళు కడిగిన నీళ్ళు నువ్వు గూడ తాగినవ్. నేను సూసిన."

"అమ్మ తీర్థం అది."

"తీర్థం గాదు, మోరి నీళ్ళు. పొద్దంత వాడవాడ ఉత్తకాళ్ళతోని తిరిగిన. పేడ తొక్కిన, ఉమ్మి తొక్కిన. గదంత నీ కడుపులకు వోయింది. యాదికొస్తే నాకు అన్నం వోదు."

"కోపంల ఉన్నవ్. కూసో ముందుగాల. గా మగ్గం మీద, దేవదాస్ జాగల కూసో. నీకు తప్ప వాని జాగ ఎవలకియ్య."

"నేను కూసోను. నిలవడే చెప్త, ఇను. నాకు రోగమున్నది పెద్దబాపూ. బైపోలార్ అంటరు దాన్ని."

"గిదేం రోగం? పేరు గూడ నోరు తిరుగతలే."

"మనసు ఒకపాలి మిద్దెక్కుతది, ఒకపాలి బాయిల వడ్తది. ఎక్కినప్పుడు నిద్రుండదు, ఆకలుండదు. లోకమంత నా కోసమే తిరుగుతాందనిపిస్తది. పడ్డప్పుడు లేసి నీళ్ళు తాగ బుద్ధిగాదు. శ్రావణమంత మంచం వట్టి ఉంటి గదా? స్నానం లేదు, తలదువ్వుడు లేదు. నా వాసన నాకే వచ్చేది. దుప్పటి కప్పుకుంటే లోపల కంపు, తీస్తే బయట మనుషులు."

"దిష్టి తగిలిందనుకున్నం."

"అన్ని మీరే అనుకుంటరు."

"బిడ్డా, నువ్వు చెప్పేది... గట్లనే ఉంటది అమ్మ వచ్చినా. మొగిలమ్మకు గూడ నిద్ర లేకుండె, ఆకలి లేకుండె."

"మొగిలమ్మను నేనేమన్న అంటాన్నా? ఆమె సంగతి ఆమెది. ఆమె బోనం దిగంగనే మొకం కడుక్కొని ఇంటికి వోయి కూర వండుకునేది. నేను దిగిన్నా? బోనాలు ఒడిసినా దిగలే. నేను పాఠం చెప్పే బడికి పోయి పిల్లలకు శాపాలు వెట్టిన. సుబేదారిల నడి రోడ్డు మీద బస్సుకు అడ్డం నిలవడి 'ఆగు, నేనొచ్చిన' అన్న. గది అమ్మనా? అమ్మకు బస్సుతోటేం పని?"

"అది... అది నాకు తెల్వది."

"నీకెవలు చెప్పలే. డప్పులు కొట్టినోళ్ళు ఎవలు దవాఖానకు రాలే. వీడియో మాత్రం తీసిన్రు. పాట వెట్టి స్టేటస్‌ల వెట్టుకున్నరు. దవాఖాన నుంచి వచ్చినంక సూసిన. జుట్టంత మొకం మీద, మూతి కాడ నురుగు, కొంగు ఏడనో. ఎనుకకెళ్ళి ఎవడో ఈల కొడ్తాండు. థూ, గది నేనేనట!"

"నీకు సోయి లేదుగదమ్మా అప్పుడు. నువ్వేం జేస్తవ్?"

"అందరు గదే అంటాన్రు. సోయి లేదు, సోయి లేదు. ఉన్నది పెద్దబాపూ. అన్ని యాదున్నయ్. మస్తు మంచిగ అనిపిచ్చింది, ఎరుకేనా? పుట్టినకాన్నుంచి గంత సంబురం నేను ఎరుగ. పెయ్యంత దీపం వెట్టినట్టుండె. గిప్పుడు డాక్టరు అంటాండు, గదే రోగమట. నా సంబురమే రోగమట!"

"ఏడ్వకు బిడ్డా."

"ఏడ్వతలేను, మండుతాంది. పదో తరగతిల రాత్రి పగలు సదివి ఫస్టొస్తే మా బాపు వాడంత మిఠాయిలు పంచిండు. గది నేనా, రోగమా? పాఠం చెప్పుకుంట చెప్పుకుంట బెల్లు కొట్టింది గూడ ఇనకపోయేదాన్ని. 'నవత మేడం లెక్క ఎవలు చెప్పరు' అనేటోళ్ళు పిల్లలు. గది నేనా, రోగమా? ఏ యాది ముట్టుకున్నా చెయ్యికి బంకంటుకున్నట్టున్నది. కడుక్కుంటే పోదు."

"డాక్టరును అడగకపోయినవా?"

"అడిగిన. మంచోడే పాపం. 'గోలీలు ఏసుకుంట ఉండమ్మా, మెల్లమెల్లగ నీకే తెలుస్తది' అన్నడు."

"ఏసుకుంటానవా మరి?"

నవత చున్నీ కొస వెనక్కి దాచుకుంది.

"నవతా, నిన్నే అడుగుతాన. ఏసుకుంటానవా?"

"రమాకాంత్ రోజు పొద్దుగాల నోరు తెరిపిచ్చి నాలుక కింద సూస్తడు. అంగట్ల బర్రె పండ్లు సూసినట్టు."

"నేనడిగింది గది గాదు."

"...ఆయన సూసేలోపల అరచేతులకు తీసుకుంట. గిగో, ఇయ్యాలది చున్నీ కొసకు ముడేసిన."

"హహ్! మరింక నాకేం చెప్పవస్తివే?"

"నవ్వకు! గా గోలి వడితే నోరంత ఇనుము నాకినట్టుంటది. ఎంత తాగినా దూప తీరదు. చేతులు వణుకుతయ్. ఇగ మల్ల బడికి వోతే బోర్డు మీద అచ్చరం వంకర వోతది. అన్నిటికంటె, గోలి మింగినప్పుడల్ల 'అవును, నాకు పిచ్చి' అని ఒప్పుకున్నట్టున్నది. రోజుకు రెండుపాలి ఒప్పుకోవాలె. బతికినన్ని దినాలు!"

"నీకు రోత అయితే ముడేసుకుంటవ్. నాకు రోత అయితే పారేసుకుంట. ఇద్దరిది ఒకటే కథ."

"ఒకటి గాదు. నీది మూతి వంకర వోయిందట నిన్న."

"చెప్పిందా మీ పెద్దమ్మ? దానికి నోరాగదు."

"నేను నోరు మూసుకొని ఎట్లుండాలె? నీ మూతికెళ్ళి పప్పు కారంగ కండ్లార సూసిన, ఊకె ఎట్లుంట?" వంటింటి తలుపు చాటు నుంచి లక్ష్మీనర్సమ్మ గొంతు.

"నువ్వాగు పెద్దమ్మా. పెద్దబాపూ, ఇటు సూడు. గా గోలీలు పారెయ్యుమన్నది అమ్మ గాదు. నేను. ఎందుకన్ననో చెప్పాల్నా?"

"చెప్పు."

"నువ్వు దండం వెట్టనీకి వంగినవ్. నీ అంగి జేబులకెళ్ళి గోలీల పట్టీ బయటికొచ్చి ఎండకు తళుక్కుమన్నది. గంతే. ఏది మెరిస్తే దాని మీద మాట్లాడిన ఆ రోజు. సోమక్క ముక్కుపుల్ల మెరిసింది, 'నీ ముక్కుపుల్ల నాకిస్తే నీ వంశం నిలుస్తది' అన్న. డప్పు రేకు మెరిసింది, దాని మీద ఒక మాటన్న. నీ గోలీల పట్టీ మెరిసింది. 'నా బిడ్డవు నీకు గోలీలెందుకురా, పారెయ్' అన్న. గందులో అమ్మ లేదు, దేవుడు లేడు. ఉత్త మెరుపు."

"ఉత్త మెరుపు..."

"అవును. నువ్వు తీసి మోరిల పారేసినవ్. అందరు ఈలలేసిన్రు. నేను నవ్విన. గా నవ్వు యాదికొస్తే నా మొకం మీద నేనే ఉమ్మాలనిపిస్తది. నా మాట ఇని నువ్వు సస్తే నేను ఎట్ల బతకాలె పెద్దబాపూ? బతికే ముచ్చటేనా అది? పద, దవాఖానకు పోదాం. ఆటో పిలుస్త."

"ఆగు."

"ఏం ఆగుడు?"

"ఆగు బిడ్డా. అయితే... గా మాట గూడ గట్లనేనా?"

"ఏ మాట?"

"నీకన్ని యాదున్నయంటివి గదా. గోలీలు పారేసినంక నువ్వు నా మెడల చేతులేసినవ్. నా చెవుల, మెల్లగ... వాని లెక్క... 'జెరం తగ్గింది బాపూ' అన్నవ్."

"పెద్దబాపూ..."

"యాదున్నదా?"

"ఉన్నది."

"అప్పుడేం మెరిసింది? చెప్పు. నా మీద ఇగ ఏం మెరిసేటియి లేకుండె."

"ఎందుకది ఇప్పుడు? లేట్ అయితాంది, దవాఖాన..."

"ఎందుకా? నీకు ఎరుక లేనిది నేను చెప్త ఇను. అప్పుడు నువ్వు డిగ్రీ సదువుతాంటివి. ఫంక్షన్ హాల్‌కు పెద్ద జంపఖానా ఒప్పుకున్న. ఇద్దరు కూసోనిది అయ్యేది గాదు. దేవదాస్ 'బాపూ, పెయ్యి నొస్తాంది' అన్నడు. 'నాటకాలు వెట్టకు, కూసో' అన్న. 'తల పగులుతాంది బాపూ' అన్నడు. 'నాడె ఇసురు, అదే తగ్గుతది' అన్న. వాడు ఇసిరిన నాడె నా చేతులకు వచ్చేది గదా, అది గూడ కాలుతాండె. కట్టెకు గూడ జెరం వచ్చిందిరా నీ తోటి అని నవ్విన. నవ్విన్నే నేను!"

"నీకేం తెల్సు డెంగీ అని?"

"తెల్వకపోతే? బర్రె మెత్త వడ్తే గూడ పని ఇడిసిపెడ్తం. కొడుకును కూసోవెట్టిన. జంపఖానా ఎర్రంచు నేసుడు ఒడిసినంక గా మగ్గం మీద్నే ఒరిగిండు. మీరందరు దవాఖానకు తీస్కపోయిన్రు. నేను పోలే."

"మగ్గం మీద పని ఉన్నదని..."

"అబద్ధం. అందరికి గట్లనే చెప్పిన. బయమై పోలే. వాడు నన్ను సూసి మొకం తిప్పుకుంటడేమోనని పోలే. తెల్లారినంక తెచ్చిన్రు, పానం లేని కట్టెను. అప్పటి సంది కండ్లు మూస్తే వేడి నాడె చేతులకు వస్తది. గా రాత్రి, నువ్వు గా మాట అన్న రాత్రి, నేను పండుకున్న నవతా. పొద్దెక్కేదాక పండుకున్న. మీ పెద్దమ్మను అడుగు, సచ్చిన్నేమోనని ముక్కు కాడ చెయ్యి వెట్టి సూసింది. ఇప్పుడు వచ్చి, అది అమ్మ గాదు, రోగం అంటానవ్. సరె. నా బిడ్డవు, నువ్వు అబద్ధమాడవ్. గోలీలు పారెయ్యుమన్నది రోగమే. మరి జెరం తగ్గిందన్నదెవలు? రెండు ఒక్క నోట్లకెళ్ళే వచ్చినయ్, ఒక్కపాలే వచ్చినయ్. ఒకటి పారేసి ఒకటి ఉంచుకునుడు నాతోని గాదు. గోలి మింగిన్ననుకో, గా మాట గూడ ఉత్తదే అని నేనే ఒప్పుకున్నట్టు. నాకు గా మాట గావాలె బిడ్డా. మూతి వంకర వోనియ్యి, చెయ్యి పడిపోనియ్యి."

"నవతా! అమ్మే అన్నదని అనే! అమ్మే అన్నది, గోలీలు గూడ అమ్మే ఏసుకొమ్మన్నది అను! నీకు పుణ్యముంటది!"

"నువ్వు ఊకో పెద్దమ్మా, దండం వెడ్త!"

నవత చెప్పులు విప్పింది. మగ్గం చుట్టు తిరిగి పోయి కుడిపక్క ఖాళీ చోట్లో కూర్చుంది.

"పెద్దబాపూ. ఇటొచ్చి నీ జాగల కూసో."

"కూసున్న. చెప్పు."

"గా మాట అమ్మది గాదు."

"...గట్లనే అంటవని ఎరుకే."

"పూర్తిగ ఇను. రోగంది గూడ గాదు. దేవదాస్‌ది."

"ఏంది?"

"దవాఖానల చెప్పిండు. నాకు చెప్పిండు."

"వాడా? వాడు మాట్లాడిండా?"

"మాట్లాడిండు. నేను మంచం పక్కన నిలవడ్డ. 'బాపు రాలేదా' అన్నడు. మగ్గం మీద ఉన్నడన్న. 'మంచిదే, రావొద్దను, మగ్గం ఆగుతది' అన్నడు."

"రావొద్దన్నడా..."

"కోపంల గాదు. నవ్వుకుంటనే. 'బాపు తిట్టిండని కూసోలే నేను. ఎర్రంచు నేను తప్ప ఎవలు నేసినా బాపుకు నచ్చది. గందుకే దిగలే' అన్నడు."

"నవ్విండా?"

"నవ్విండు. 'జెరం తగ్గిందని బాపుకు చెప్పు' అన్నడు. అవే మాటలు."

"ఇన్నేండ్లు... ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేవే నాకు?"

"చెప్పనిచ్చినవా? వాని పేరెత్తితే లేసి బయటికి పోయేటోనివి. దినాల నాడు చెప్పవస్తే చెయ్యి అడ్డం వెట్టినవ్. ఇగ నేను గూడ నోట్లెనే ఉంచుకున్న. ఆ రోజు డప్పుల నడుమ నోరాగక అన్నిటితోటి అది గూడ బయటవడ్డది. చెత్తల వడ్డది, గంతే. అది మాత్రం చెత్త గాదు."

"ఎర్రంచు వాడు తప్ప... అవునే. వాని చెయ్యి గట్లుండె. నేను ఒక్కపాలి గూడ మొకం మీద చెప్పలే, మంచిగున్నదని."

"వానికి ఎరుకే పెద్దబాపూ. చెప్పకున్నా ఎరుకే."

"ఏమే... ఏమే లచ్చనర్సమ్మా! మొన్న నర్సు ఇచ్చిన గోలీలు ఏడ వెట్టినవే?"

"బియ్యం డబ్బల దాసిన. తెస్తాన, తెస్తాన! గిగో, నీళ్ళు గూడ."

"గోలి ఒక్కటేనా, రెండా?"

"ఒక్కటే అని రాసున్నది దీని మీద. మింగు పెద్దబాపూ. మిగిలింది డాక్టరు చెప్తడు. ఇప్పుడే పోతానం, రేపు గీపు అంటే ఇనను."

"మింగిన. సూస్తవా నాలుక కింద? ఆఁ..."

"ఛీ, మూయి! నువ్వు నా లెక్క దొంగవు గాదు."

"పెరట్ల మొకం కడుక్కొని వస్త. దవాఖానకు గీ అంగితోటి వద్దు, చాయ్ మరకలున్నయ్. వేరేది తియ్యే."

"తీస్త, తీస్త. నువ్వు కడుక్కో పో. మెల్లగ, గోడ వట్టుకో!"

పెరట్లో బకెట్ చప్పుడయ్యాక లక్ష్మీనర్సమ్మ నవత దగ్గరికి జరిగింది.

"నవతా."

"ఊఁ."

"వాని మంచం కాడ నేను గూడ ఉన్న గదనే."

"ఉన్నవ్."

"మనల్ని లోపలికి పోనిచ్చేటాళ్ళకే వాని నోట్లె పైపు ఉండె. కట్టెగ తెచ్చేదాక కండ్లు తెరువలే వాడు. ఒక్క మాట మాట్లాడలే."

"ఎరుకే పెద్దమ్మా."

"నాటకమాడనన్నవ్. పసుపంటే గంత రోత వడ్డవ్. గిప్పుడు గింత అబద్ధమాడితే రోత గాలే నీకు?"

"అయింది. ఇంకా అయితనే ఉన్నది. అయితేంది? గిది అమ్మ ఆడలే, రోగం ఆడలే. మంచి సోయిల ఉండి, కావాలని, నేనే ఆడిన. ఆ చెంబు ఇటియ్యి పెద్దమ్మా, నా గోలి గూడ మింగుత."